మంచులో మాయమైన తాళి

మీరు చాలా పెళ్లిళ్లకు వెళ్లి ఉంటారు. సాంబారు చాలని పెళ్లి, కరెంటు పోయిన పెళ్లి, పెళ్లికొడుకు దారితప్పి పక్క ఊరి పందిట్లో దిగిన పెళ్లి చూసే ఉంటారు. తాళి లేని పెళ్లి చూశారా? నేను చూపించాను. అదీ పెళ్లికూతురి ఇంట్లోనే, హాల్లో, గోడంత టీవీలో, చుట్టాలందరినీ కూర్చోబెట్టి మరీ. ఇప్పుడు నేను ఖమ్మంలో పేరున్న వీడియో ఎడిటర్‌ని, నలుగురికి పని నేర్పుతున్నదాన్ని. అయినా ఆ మధ్యాహ్నం గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి. జరిగింది జరిగినట్టు చెబుతాను. నవ్వొస్తే నవ్వండి, కానీ నా ఎదురుగా మాత్రం వద్దు.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. మాది కల్లూరు దగ్గర తండా. డిగ్రీ అవగానే కంప్యూటర్ మీద ఫోటోలు దిద్దే పని నేర్చుకుంటానని ఇంట్లో మొండికేసి, అశ్వారావుపేటలో సత్యం సార్ స్టూడియోలో చేరాను. సార్ పాతికేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్న మనిషి. ఫోటోలు దిద్దడం, ప్రింట్లు తియ్యడం, వీడియో ఎడిటింగ్, మూడూ ఆరు నెలల్లో నేర్పేవారు. స్టూడియో మేడ మీద గదిలోనే ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి కిరాయికి ఉండేదాన్ని.

నాకో జబ్బు ఉండేది. అందరికీ కలలు నిద్రలో వస్తాయి. నాకు కుర్చీలో కూర్చుంటే వచ్చేవి. ఎదురుగా ఏది ఉన్నా దాని చుట్టూ కాస్త వెలుగు, కాస్త మసక, దూరంగా వేణువు ఉన్నట్టు అనిపించేది. ఒక రైతు బ్యాంకు పని కోసం పాస్‌పోర్ట్ ఫోటో దిగితే, ఆయన తల వెనక మెత్తగా బంగారు రంగు వెలుగు పెట్టి ప్రింట్ తీసిచ్చాను. బ్యాంకువాళ్లు ఆయన్ని తిప్పి పంపించారు.

సార్ ఆ ఫోటో చేతిలో పట్టుకుని అడిగారు. "ఏంది బిడ్డా గిది? పాస్‌పోర్ట్ ఫోటోనా, పూజగదిల పెట్టే పటమా?"

"మొహంల కళ రావాలని జర వెలుగు పెట్టిన సార్."

"కళ ఆయన తెచ్చుకుంటడు. నువ్వు మనిషిని మనిషి లెక్క కనబడనీ, చాలు."

ఆ మాట నోటు పుస్తకంలో రాసుకున్నాను. రాసుకుని పేజీ తిప్పేశాను.

డిసెంబరులో ఒక పొద్దున సార్ మా బ్యాచ్‌ని పర్ణశాల తీసుకెళ్లారు, కెమెరా పట్టడం నేర్పడానికి. మేం దిగేసరికి గోదావరి లేదు. అంటే ఉంది, కనిపించలేదు. ఒడ్డు వరకు ఇసుక, ఆ తర్వాత తెల్లగా మంచు, అంతే. ఆ తెలుపులోంచి ముందు తెడ్డు చప్పుడు వచ్చింది, తర్వాత పడవ ముక్కు వచ్చింది, ఆ తర్వాత పడవ నడిపే మనిషి, చివరికి పడవ తోక. స్నానానికి వచ్చిన యాత్రికుల మాటలు వాళ్లకంటే ముందు మమ్మల్ని చేరేవి. అవతలి గట్టు మీద అడవి ఉందో, ఎవరో ఊహించి వదిలేశారో తెలియడం లేదు. ఇంతలో రెండు తెల్ల కొంగలు పక్కపక్కన, రెక్క రెక్కకి తగిలేంత దగ్గరగా, మంచులోంచి వచ్చి మంచులోకే పోయాయి. సార్ పది నిమిషాలు తియ్యమన్నారు. నేను నలభై నిమిషాలు తీశాను. ఆ మంచు కంప్యూటర్లోకి ఎక్కింది. నా తలకి అంతకుముందే ఎక్కేసింది.

ఇక పెళ్లి సంగతి.

ఊరవతల పామాయిల్ తోట ఉన్న కోటేశ్వరరావు గారి అమ్మాయి దివ్య పెళ్లి మాఘమాసంలో జరిగింది. వాళ్ల పెద్దలు ఎప్పుడో కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చి ఇక్కడ భూములు చేసుకుంటున్నారు. దివ్యని పెంచింది వాళ్ల నాయనమ్మ వీరరాఘవమ్మ గారు. పెళ్లి నాలుగు రోజులుందనగా ఆవిడ పెరట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఖమ్మంలో దవాఖానాలో ఆపరేషన్ చేశారు. ముహూర్తం మారుద్దామని కొడుకు అంటే, "మార్చారంటే ఈ కట్టు విప్పుకుని నడిచొస్తా" అని బెదిరించారట. సరిగ్గా తాళి కట్టే వేళకి ఎవరో ఫోన్‌లో వీడియో కాల్ కలిపారు. తోటల మధ్య సిగ్నల్ సంగతి మీకు తెలిసిందే. ఆవిడకి కనిపించింది తెర మీద గిరగిర తిరిగే తెల్ల సున్నా ఒక్కటే.

అందుకే ఆవిడకి పెళ్లంటే ఆ వీడియోనే. సార్ ఆ పని నా చేతిలో పెడుతూ చెప్పారు. "అనితా, ఇది నీకిస్తున్న. ముసలమ్మ మంచంల పడుకొని దీని కోసమే ఎదురు చూస్తున్నది. జర పదిలంగ చెయ్."

"అవ్ సార్," అన్నాను. అప్పటికే నా చెవిలో వేణువు మొదలైంది.

పెళ్లి మొత్తం తీసింది ఒకే వీడియో కెమెరా, అది సార్ చేతిలోది. రోజూ ఉదయం కూర్చుంటే భోజనం వేళ దాటేదాకా లేచేదాన్ని కాదు. పెళ్లికొడుకు కారు దిగే చోట గోదావరి మంచు పరిచాను. పెళ్లికూతురు గౌరీపూజకి నడిచే చోట పరిచాను. జీలకర్ర బెల్లం ఎంత నెమ్మదిగా సాగదీశానంటే, ఆ చెయ్యి తల మీదికి చేరేలోపు మీరు లేచెళ్లి టీ పెట్టుకుని రావచ్చు. చివరికి తాళి దగ్గరికొచ్చాను.

ఆ షాట్ చూసి నాకు ఏడుపొచ్చింది. సార్‌ని వెనక నుంచి ఎవరో నెట్టినట్టున్నారు, బొమ్మ వణికింది. ఒక మేనమామ మోచెయ్యి అడ్డం వచ్చింది. అక్షింతలు వచ్చి కెమెరా అద్దానికే తగిలాయి. పందిట్లో ఆకుపచ్చ లైటు పడి అందరూ పచ్చిమిరపకాయల్లా ఉన్నారు. వణికిన షాట్ వాడకూడదని పాఠంలో చెప్పారు కదా? తీసేశాను. మరి అక్కడ ఏం పెట్టాలి? ఊహించే ఉంటారు. నాదస్వరం మోగుతూ ఉండగా మంచు పరుచుకుంటుంది, అందులోంచి రెండు తెల్ల కొంగలు జంటగా ఎగిరి వస్తాయి. రెండు జీవితాలు ఒకటైపోయాయన్న మాట. అది పెట్టి, నా పనికి నేనే మురిసిపోయి, రుమాలుతో కళ్లు తుడుచుకున్నాను.

ఇంతలో కంప్యూటర్ ఖాళీ లేదని గోల పెట్టింది. మంచు మీద మంచు, దాని మీద ఇంకో మంచు పేరిస్తే ఎక్కడుంటుంది ఖాళీ? వాడని షాట్లన్నీ ఒక పక్కన పెట్టి ఉంచాను కదా, వాటిని తుడిచేశాను. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను, నేను శుభ్రమైన మనిషిని. అదే రోజు సార్ కెమెరా కార్డు కూడా తుడిచి ఇంకో పెళ్లికి పట్టుకెళ్లారు. సార్‌కి నేను మొదటి పది నిమిషాలు చూపిస్తే, "శెభాష్ బిడ్డా, జర మంచు ఎక్కువైంది గానీ మంచిగున్నది" అని బయల్దేరిపోయారు.

మరుసటి వారం ఇద్దరం పెన్‌డ్రైవ్ పట్టుకుని కోటేశ్వరరావు గారింటికి వెళ్లాం. వీరరాఘవమ్మ గారు పట్టుచీర కట్టుకుని, పక్కన నడిచే స్టాండు పెట్టుకుని, టీవీకి ఎదురుగా కుర్చీలో కూర్చున్నారు. తలలో కనకాంబరాలు. అక్కడ పెళ్లి జరగబోతున్నట్టే ఉంది. దివ్య, ఆమె భర్త నరేష్, పక్కింటివాళ్లు, అందరూ చేరారు.

వీడియో మొదలైంది.

"ఏవిటే ఆ పొగ? అప్పుడే వంటలు మొదలెట్టారా?" అన్నారు వీరరాఘవమ్మ గారు.

"పొగ కాదు నాయనమ్మా, మంచు," అంది దివ్య.

"మాఘమాసంలో మన పందిట్లో మంచేంటే?"

నేను గర్వంగా సర్దుకుని కూర్చున్నాను. కోటేశ్వరరావు గారు మెడ ముందుకు చాపారు. "మా వియ్యంకుడు గారేరి? కారులోంచి ఆయన కూడా దిగాడే?"

"ఆ మంచు ఎనకాల ఉన్నరండి," అన్నాను.

"మరి మా బావమరిది?"

"ఆయన కూడా అండి."

సార్ నా వైపు ఒక చూపు చూశారు. జీలకర్ర బెల్లం వచ్చింది. సాగింది. పక్కింటావిడ ఇంటికెళ్లి స్టవ్ కట్టేసి తిరిగొచ్చినా ఇంకా సాగుతోంది. తర్వాత గట్టిమేళం మొదలైంది. వీరరాఘవమ్మ గారు కుర్చీ చేతులు పట్టుకుని ముందుకు వంగారు. నరేష్ తాళి పైకెత్తాడు. దివ్య తల వంచింది. మంచు కమ్మింది. కొంగలు ఎగిరాయి. మంచు తొలగింది. దంపతులిద్దరూ దండలతో నిలబడి ఉన్నారు.

ముసలావిడ కళ్లజోడు తీసి, చీర కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"తాళి ఏదే?" అన్నారు వీరరాఘవమ్మ గారు.

వెనక్కి తిప్పాం. కొంగలు ఎగిరాయి. మళ్లీ తిప్పాం. మళ్లీ ఎగిరాయి.

"ఆ కొంగలెందుకొచ్చాయి మధ్యలో?"

నేను టీవీ వైపే చూస్తూ చెప్పాను. "అవి... వాళ్లిద్దరే నాయనమ్మ గారూ."

"ఎవరిద్దరు?"

"దివ్య గారు, నరేష్ గారు."

నరేష్ టీవీ దగ్గరికి వెళ్లి నిదానంగా చూశాడు. "నేను కుడివైపు కొంగనా అండీ, ఎడమవైపు కొంగనా?"

దివ్య చీర కొంగు నోట్లో కుక్కుకుంది. సార్ మాత్రం నవ్వలేదు. "అనితా, అసలు షాట్ ఏది?"

"తీసేసిన సార్."

"తీసేసి ఎక్కడ పెట్టినవ్?"

"తీసేసి... తీసేసిన సార్."

సార్ మొహం చూస్తే పామాయిల్ గెల తల మీద పడ్డట్టుంది. కోటేశ్వరరావు గారు ఆల్బమ్ పట్టుకొచ్చి, తాళి ఫోటో ఉన్న పేజీ తల్లి ముందు పెట్టారు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చూశారు. "ఇందులో చెయ్యి మెడ దగ్గరే ఆగిపోయింది. కట్టాడో, కొలత చూస్తున్నాడో ఎవరికి తెలుసు?" అని ఆల్బమ్ మూసేశారు. ఆ తర్వాత కోపంగా ఏమీ అనలేదు. "పోనీలే, నాకు చూసే రాత లేదు," అని స్టాండు పట్టుకుని నెమ్మదిగా గదిలోకి వెళ్లిపోయారు.

నిజం చెబుతున్నాను, నన్ను రెండు దెబ్బలు కొట్టి ఉంటే అంత బాధ ఉండేది కాదు.

తర్వాత నాలుగు రోజులు మేం చెయ్యని ప్రయత్నం లేదు. పోయినవాటిని వెతికి తీసే ప్రోగ్రామ్ ఒకటి తెచ్చి సార్ పొద్దంతా కూర్చున్నారు. చివరికి దొరికింది అరసెకను. అందులో ఒక సాంబారు బకెట్, ఒకరి చెయ్యి. చుట్టాలు తీసిన ఫోన్ వీడియోల కోసం కోటేశ్వరరావు గారు అందరికీ ఫోన్లు చేశారు. మూడు వచ్చాయి. మూడింట్లోనూ తాళి కట్టే సమయానికి అడ్డంగా, విశాలంగా, స్పష్టంగా కనిపించింది ఒకటే. కెమెరా పట్టుకున్న సత్యం సార్ వీపు.

"పాతికేండ్లల్ల నా వీపు ఇంత మంచిగ ఎవ్వలూ తియ్యలే," అన్నారు సార్.

ఆదివారం నేనే వెళ్లి చెబుతానన్నాను. సార్ కెమెరా సంచి ఒకటి భుజాన వేసుకుని వెంట వచ్చారు. ఆ ఇంటి నుంచి ఆయన నేరుగా ఒక బారసాలకి వెళ్లాలి. వీరరాఘవమ్మ గారు వాకిట్లో నీడలో కూర్చుని ఉన్నారు. ఆవిడని చూడగానే నా మాటలన్నీ కలగాపులగం అయిపోయాయి.

"నాయనమ్మ గారూ, ఎంత ఎతికినా దొరకలే. మీ పెండ్లి నేనే పోగొట్టిన," అని భోరుమన్నాను.

"నా పెళ్లి ఎప్పుడో అయిపోయిందే తల్లీ, అది పోగొట్టడం నీ తరం కాదు. నువ్వు పోగొట్టింది నా మనవరాలిది," అన్నారావిడ. నేను ఇంకా గట్టిగా ఏడ్చాను. ఆవిడ కాసేపు చూసి, నా చెయ్యి పట్టుకుని పక్కనున్న స్టూలు మీద కూర్చోబెట్టారు. ఏదో ఆలోచించారు. ఆ తర్వాత ఇంటి వైపు తిరిగి కేకేశారు. "ఒరే కోటీ, అల్లుడు లేచాడా?"

"పడుకున్నాడమ్మా, ఇప్పుడే భోంచేశాడు."

"లేపు. తాళి కట్టాలి."

కోటేశ్వరరావు గారు గాభరాగా బయటికొచ్చారు. "అమ్మా, మెడలో ఉన్న తాళి తియ్యకూడదు!"

"తియ్యమని ఎవరన్నారు? దారానికి పసుపు కొమ్ము కట్టి తెండి. మంగళసూత్రం లేనప్పుడు మావాళ్లు పసుపు కొమ్ముతోనే కానిచ్చేవాళ్లు. నేను చూడాలి, అంతే."

పది నిమిషాల్లో ఆ వాకిలి పెళ్లి పందిరి అయిపోయింది. దివ్య వాళ్లమ్మ బియ్యంలో పసుపు కలిపి పళ్లెంలో తెచ్చింది. దివ్య నైటీ మీదే పట్టుచీర చుట్టుకుని పీట మీద కూర్చుంది. నరేష్ లుంగీతో, రేగిన జుట్టుతో, సగం నిద్రలో వచ్చాడు. "ఏం చెయ్యాలండీ?" అన్నాడు. విషయం చెప్పారు. ఆ అబ్బాయి అటూ ఇటూ చూసి, తువ్వాలు భుజం మీద వేసుకుని, వచ్చి కూర్చున్నాడు. నాకు అతని మీద గౌరవం కలిగింది అప్పుడే.

సార్ సంచిలోంచి కెమెరా తీసి నా చేతిలో పెట్టారు. "నువ్వే తియ్యాలె. మంచు లేదు, కొంగలు లేవు, ఏం లేవు. ఎదురుగ ఏమున్నదో అదే తియ్."

ఈసారి ఒక్క క్షణం కూడా పోకూడదని ఒట్టు పెట్టుకున్నాను. అందుకే వాళ్లు పీటలు వేస్తుండగానే బటన్ నొక్కేసి, స్టూలు ఎక్కి నిలబడ్డాను.

"మేళం ఏదిరా?" అన్నారు వీరరాఘవమ్మ గారు.

కోటేశ్వరరావు గారు ఒక్క పరుగున వెళ్లి, చెట్టు కింద ఉన్న ట్రాక్టర్ ఎక్కి హారన్ మీద చెయ్యి పెట్టారు. పక్కింటావిడ స్టీలు పళ్లెం గరిటెతో వాయించింది. కోళ్లు చెల్లాచెదురయ్యాయి. నరేష్ పసుపు దారం పైకెత్తాడు. నేను గబుక్కున బటన్ నొక్కాను.

ఏం చెప్పమంటారు! పామాయిల్ ఆకుల సందుల్లోంచి ఎండ పుల్లలు పుల్లలుగా దిగుతోంది. అందులో పసుపు బియ్యం గింజలు ఎగిరి, ఒక్క క్షణం గాల్లోనే ఉండిపోయినట్టు మెరిశాయి. ముసలావిడ నోరు కొద్దిగా తెరిచి చూస్తున్నారు. పెదవులు కదులుతున్నాయి. "ఒకటి... రెండు..." అని ముళ్లు లెక్కపెడుతున్నారు. మూడో ముడి దగ్గర నరేష్ వేళ్లు వణికితే, "తొందరలేదు నాన్నా, గట్టిగా వెయ్," అన్నారు. దివ్య నవ్వుతూనే ఏడుస్తోంది. ఆ హారన్ మోత కూడా ఎక్కడో అడవి అవతల నుంచి వస్తున్నట్టు వినిపించింది నాకు. నా కళ్లల్లో నీళ్లు నిండి అంతా అలికినట్టయింది. ఇంతకంటే అందమైంది నేను ఎప్పుడూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

ఇద్దరూ వంగి ఆవిడ కాళ్లకి దండం పెట్టారు. నేను తృప్తిగా బటన్ నొక్కి, కెమెరా పక్కన వేలాడేసుకుని, స్టూలు దిగి, ఆ వాకిట్లోనే అరిసెలు తిని, మంచినీళ్లు తాగి, దివ్యతో కబుర్లు చెప్పి, సార్ బండెక్కాను.

ఈపాటికి మీలో తెలివైనవాళ్లు తల పట్టుకునే ఉంటారు. తక్కినవాళ్ల కోసం చెబుతాను. ఆ కెమెరాకి మొదలుపెట్టడానికీ ఆపడానికీ ఒకటే బటన్. పీటలు వేస్తున్నప్పుడు నొక్కితే మొదలైంది. ఆ హడావిడిలో ముందే నొక్కిన సంగతి మరిచి, తాళి ఎత్తగానే మళ్లీ నొక్కితే ఆగిపోయింది. అంతా అయ్యాక నొక్కితే మళ్లీ మొదలై, బండెక్కే ముందు సార్ కెమెరా కట్టేసి సంచిలో పెట్టేదాకా నడిచింది.

ఆ సాయంత్రం బారసాల ముగించుకుని వచ్చాక స్టూడియోలో సార్ కార్డు పెట్టారు. పీటలు వచ్చాయి. పసుపు బియ్యం వచ్చింది. నరేష్ దారం ఎత్తాడు. వెంటనే నా చెప్పులు వచ్చాయి. నా చెప్పులు, ఒక కోడి, మళ్లీ నా చెప్పులు. మధ్యలో నేను అరిసె నములుతున్న చప్పుడు. పద్నాలుగు నిమిషాలు.

సార్ అరవలేదు. అరిచే ఓపిక ఆయనలో మిగల్లేదు. ఫోన్ కలిపి నా చేతికిచ్చారు. "నువ్వే చెప్పు."

అవతల కోటేశ్వరరావు గారు ఫోన్ స్పీకర్లో పెట్టారు. నేను మొత్తం చెప్పాను. తర్వాత వీరరాఘవమ్మ గారి నవ్వు మొదలైంది. ఆ నవ్వు దగ్గుగా మారి, మళ్లీ నవ్వైంది.

"పిచ్చిపిల్లా, నేను నా కళ్లతో చూశానే! మూడు ముళ్లూ లెక్కపెట్టుకున్నాను. ఇంకా వీడియో నాకెందుకు? నీ చెప్పులు నువ్వే చూసుకో."

ఆవిడ మాట పూర్తవకముందే నరేష్ ఫోన్ లాక్కున్నట్టున్నాడు. "అనిత గారూ, మీకు దండం పెడతాను. నెల తిరక్కుండా రెండుసార్లు కట్టాను. మూడోసారి అంటే మాత్రం ఈసారి మా ఆవిడే పీట మీదకి రాదు!"

కాబట్టి పాఠకులారా, ఎడమ చెయ్యి కీబోర్డు మీద, కుడి చెయ్యి గుండెల మీద పెట్టుకుని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా, కెమెరాలో ఎర్ర చుక్క వెలుగుతోందో లేదో మూడుసార్లు చూసుకోకుండా ఈ ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ఎవరి పెళ్లీ కానివ్వను. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు నెత్తీ నోరూ కొట్టుకున్నా సరే.